కారేది నూనే, తప్పు సీలుదేనా?

మెమరీ లీక్ అంటే ఏమిటో ఈ శీర్షిక పాఠకులకు వివరించనక్కర లేదు. ప్రోగ్రామ్ కుప్పకూలిన చోట ఏ తప్పూ కనిపించదు. తవ్వుకుంటూ వెళితే అసలు తప్పు ఇంకెక్కడో, ఎవరూ అనుమానించని మాడ్యూల్‌లో బయటపడుతుంది. ఈసారి కంప్యూటర్లను కాసేపు పక్కన పెట్టి, నిజంగానే కారే ఒక యంత్రం గురించి మాట్లాడుకుందాం. పాత మోటారుసైకిల్ ఇంజను నుంచి నూనె ఎందుకు కారుతుంది? కారే చోటు ఎలా కనిపెట్టాలి? ఆయిల్ సీల్ ఎలా మారుస్తారు? మార్చినా మళ్ళీ ఎందుకు కారుతుంది? ఇవీ ఈ వ్యాసంలోని విషయాలు.

నేనుండే ఆంగ్ మో కియోలో ఏ బహుళ అంతస్తుల పార్కింగులోకి వెళ్ళినా, మోటారుసైకిళ్ళు నిలిపే మూల నేల మీద అరచేతి మందం నల్లటి మరకలు కనిపిస్తాయి. ఇక్కడ పాత బండ్లను జనం తేలిగ్గా వదులుకోరు. సింగపూర్‌లో బండి నడపాలంటే దాని ధరతో పాటు సిఓఈ అనే హక్కుపత్రం కూడా కొనాలి. 1990లో మొదలైన ఈ పద్ధతిలో హక్కుపత్రం గడువు పదేళ్ళు. మోటారుసైకిళ్ళ సిఓఈ వేలం ధర 2022లో 10,000 సింగపూర్ డాలర్లు దాటింది. బండి కన్నా బండి నడిపే హక్కే ఖరీదైపోయిన చోట, ఇరవై ఏళ్ళ హోండా సీబీ400 సూపర్ ఫోర్‌ని కూడా ఇంటి పెద్దలా చూసుకుంటారు. మన ఊళ్ళో నాన్నగారి హీరో హోండా సీడీ100 ఇంకా అమ్మకుండా అట్టేపెట్టిన వాళ్ళకు కూడా ఈ వ్యాసం పనికొస్తుంది. యంత్రసూత్రం ఎక్కడైనా ఒకటే కదా!

చుక్క నూనెతో వచ్చే ముప్పేమిటి?

"నాలుగు చుక్కలే కదా, పైన పోసుకుంటే సరి" అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. మూడు కారణాల వల్ల ఆ మాట సరికాదు.

మొదటిది ప్రాణానికి సంబంధించింది. చైన్‌ని తిప్పే ముందు స్ప్రాకెట్ వెనుక ఒక సీలు ఉంటుంది. పాత బండ్లలో తరచుగా కారేది ఇదే. ఇక్కడ కారిన నూనె చైన్‌కి అంటుకుని, చైన్ వేగానికి ఎగిరి వెనుక టైరు మీద పడుతుంది. మధ్యాహ్నం వాన పడిన సీటీఈ మీద వంపు తిరిగేటప్పుడు టైరు అంచున నూనె ఉంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

రెండవది ఇంజనుకి సంబంధించింది. చాలా చిన్న బండ్లలో మొత్తం నూనె ఒక లీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. అందులో పావు లీటరు తగ్గినా పెద్ద తేడాయే. పైగా చాలా పాత బండ్లలో నూనె మట్టం తగ్గిందని హెచ్చరించే దీపం ఉండదు.

మూడవది మన చుట్టుపక్కల నీటికి సంబంధించింది. ఇక్కడ వాన నీరు కాలువల ద్వారా జలాశయాలకు చేరి, తాగునీరుగా మారుతుంది. బిషాన్-ఆంగ్ మో కియో పార్కులో పారే కల్లాంగ్ నది ఒకప్పుడు 2.7 కిలోమీటర్ల సిమెంటు కాలువ. దాన్ని తవ్వి, వంపులు తిరిగే సహజమైన నదిగా మార్చి 2012లో ప్రజలకు అందించారు. ఆదివారం సాయంత్రం పిల్లలు కాళ్ళు తడుపుకునే ఆ నీరు చివరికి మరీనా జలాశయంలో కలుస్తుంది. రోడ్డు మీద పడిన నూనె వానలో కొట్టుకుపోయి చేరేదీ అటువైపే.

ఆయిల్ సీల్ ఎలా పనిచేస్తుంది?

ఇంజను పెట్టె లోపల నూనె ఉంటుంది, బయట గాలి ఉంటుంది. లోపలి నుంచి కొన్ని షాఫ్టులు బయటికి రాక తప్పదు. స్ప్రాకెట్ తిప్పడానికి ఒకటి, గేర్ లివర్ కోసం ఒకటి, కొన్ని బండ్లలో మాగ్నెట్ తిప్పడానికి క్రాంక్ షాఫ్ట్ కొస. తిరిగే షాఫ్టుకీ తిరగని గోడకీ మధ్య సందు ఉంటుంది. ఆ సందుని మూసే ఉంగరమే ఆయిల్ సీల్. గాస్కెట్ వేరు. అది కదలని రెండు భాగాల మధ్య ఉండే పలచని పొర.

పూర్వం ఈ పని తోలు ముక్కలు, ఉన్ని పట్టీలు చేసేవి. జర్మనీలోని ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీ మొదట తోళ్ళు పదును చేసే వ్యాపారం. 1930 ప్రాంతంలో అక్కడ వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు ఈ రకం సీలుని రూపొందించాడు. అతని పేరు మీదే జర్మన్లు దీన్ని ఇప్పటికీ 'సిమ్మర్‌రింగ్' అంటారు. తరువాత తోలు పోయి కృత్రిమ రబ్బరు వచ్చింది.

సీలుని చేతిలోకి తీసుకుని చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. బయట గట్టి లోహపు చట్రం, లోపల షాఫ్టుని తాకే పలచని రబ్బరు పెదవి, ఆ పెదవిని షాఫ్టుకి అదిమి ఉంచే సన్నని చుట్టు స్ప్రింగు. పెదవి షాఫ్టుని పూర్తిగా ఒరుసుకుంటుందని అనుకుంటాం గాని, నిజానికి రెంటి మధ్యా మిల్లీమీటరులో వెయ్యో వంతు మందాన నూనె పొర ఎప్పుడూ ఉంటుంది. అది లేకపోతే పెదవి కొద్దిసేపట్లోనే కాలిపోతుంది.

మరి ఆ పొరలోని నూనె బయటికి రాదా? ఇక్కడే అసలు చమత్కారం ఉంది. పెదవికి నూనె వైపు వాలు నిటారుగా, గాలి వైపు వాలు ఏటవాలుగా చేస్తారు. ఈ తేడా వల్ల షాఫ్ట్ తిరిగేటప్పుడు పెదవి ఒక చిన్న పంపులా పనిచేసి, బయటికి రాబోయిన నూనెను తిరిగి లోపలికి తోస్తుంది. అంటే మంచి సీలు గోడలా అడ్డుపడటమే కాదు, నిరంతరం నూనెను వెనక్కి పంపుతూ ఉంటుంది. సీలుని తిరగేసి బిగిస్తే ఇదే పంపు నూనెను బయటికి తోడుతుంది. స్ప్రింగు కనిపించే వైపు ఎప్పుడూ నూనె వైపుకే ఉండాలనే నియమం ఇందువల్లే వచ్చింది.

రబ్బరు రకం కూడా ముఖ్యమే. సాధారణ నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల సెల్సియస్ వరకు హాయిగా పనిచేస్తుంది. వైటాన్ అనే పేరుతో దొరికే ఫ్లోరో రబ్బరు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. వేగం లెక్క కూడా చూద్దాం. 30 మి.మీ. వ్యాసం గల క్రాంక్ షాఫ్ట్ నిమిషానికి 10,000 సార్లు తిరిగితే, పెదవి కింద దాని ఉపరితలం సెకనుకి దాదాపు 15.7 మీటర్లు జరుగుతుంది. 25 మి.మీ. స్ప్రాకెట్ షాఫ్ట్ నిమిషానికి 3,000 సార్లు తిరిగితే ఆ వేగం 4 మీటర్ల లోపే. కాబట్టి స్ప్రాకెట్ దగ్గర నైట్రైల్ సరిపోవచ్చు, క్రాంక్ దగ్గర మాత్రం కంపెనీ చెప్పిన రకమే వెయ్యాలి. కొలతలు కుదిరినంత మాత్రాన ఏ సీలైనా పనికిరాదు.

సీలు ఓడిపోవడానికి నాలుగు కారణాలు

1. రబ్బరు గట్టిపడటం. వేడికి, వయసుకి పెదవి మెత్తదనం పోయి ప్లాస్టిక్‌లా తయారవుతుంది. నెలల తరబడి కదలకుండా నిలిపిన బండ్లలో కూడా ఇది జరుగుతుంది.

2. షాఫ్ట్ మీద గాడి పడటం. మెత్తని రబ్బరు గట్టి ఉక్కుని కోస్తుందంటే నమ్మబుద్ధి కాదు. కాని పెదవి కింద ఇరుక్కున్న దుమ్ము ఏళ్ళ తరబడి ఉప్పుకాగితంలా ఒరిస్తే గాడి పడి తీరుతుంది.

3. బేరింగులో ప్లే. షాఫ్ట్ గుండ్రంగా తిరగక ఊగుతుంటే, పెదవి దానితో పాటు ఊగలేదు. స్ప్రాకెట్ వైపు దీనికి తరచుగా మూలం అతిగా బిగించిన చైన్. బిగువైన చైన్ షాఫ్టుని ఎప్పుడూ వెనక్కి లాగుతూ బేరింగుని అరగదీస్తుంది.

4. ఇంజను పెట్టెలో ఒత్తిడి. పిస్టన్ రింగుల పక్క నుంచి మండిన వాయువులు కొంచెం కొంచెం కిందికి జారుతూనే ఉంటాయి. అవి బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది. ఆ పైపు నలిగినా, మూసుకుపోయినా, రింగులు బాగా అరిగినా, నూనె మట్టం మించి పోసినా లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి నూనె తోసుకొస్తుంది.

ఈ నాలుగింటిలో కొత్త సీలు ఒక్కటే పూర్తిగా నయం చేయగలిగింది మొదటి కారణాన్ని మాత్రమే. మిగిలిన మూడింటిలో కొత్త సీలు కొన్ని వారాలు ఆపుతుంది, ఆ తరువాత కథ మళ్ళీ మొదటికొస్తుంది. "మొన్ననే మార్పించాను, మళ్ళీ కారుతోంది" అనేవాళ్ళ సంగతి చాలాసార్లు ఇదే.

కారే చోటు కనిపెట్టడం

బండి నడుస్తున్నప్పుడు గాలి నూనెను వెనక్కి, భూమ్యాకర్షణ కిందికి తీసుకుపోతాయి. అందుచేత చుక్క పడే చోటుకీ పుట్టిన చోటుకీ సంబంధం ఉండకపోవచ్చు. పైన వాల్వ్ కవర్ గాస్కెట్ నుంచి మొదలైన నూనె కింద స్ప్రాకెట్ కవర్ అంచు నుంచి చుక్కలుగా రాలుతుంది. పరిశోధనకి ఒకటే సూత్రం: తడిగా ఉన్న చోట్లలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదే మొదటి అనుమానితుడు.

ముందుగా ఇంజను చల్లారాక మురికి వదిలించే ద్రవంతో బాగా తుడవండి. కాలువలోకి పోకుండా కింద పాత గుడ్డలు పరచండి. పూర్తిగా ఆరాక అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడర్ పలచగా చల్లండి. పది నిమిషాలు నడిపి వచ్చి టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి మీద నూనె దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇది కూడా చాలకపోతే నూనెలో కలిపే ప్రత్యేకమైన రంగులు ఉన్నాయి. అతినీలలోహిత టార్చి కింద అవి మెరుస్తాయి.

స్ప్రాకెట్ కవర్ తీసి చూసేటప్పుడు తొందరపడకండి. అక్కడ పేరుకున్న నల్లటి జిడ్డు చాలావరకు చైన్‌కి కొట్టిన గ్రీజే కావచ్చు. అది బంకగా, ఇసుకలా తగులుతుంది. ఇంజను నూనె పలచగా జారుతుంది. నిజంగా ఇంజను నూనె అయితే అక్కడే ముగ్గురు నలుగురు అనుమానితులు ఉంటారు. స్ప్రాకెట్ షాఫ్ట్ సీలు ఒకటి, గేర్ లివర్ షాఫ్ట్ సీలు ఇంకొకటి, కొన్ని బండ్లలో క్లచ్ పుష్ రాడ్ సీలు మరొకటి. నాలుగోవాడిని చాలామంది మరిచిపోతారు. ఎన్నో జపాన్ బండ్లలో సీలు నేరుగా షాఫ్ట్ మీద కాక, షాఫ్ట్ మీద తొడిగిన కాలర్ అనే చిన్న గొట్టం మీద ఒరుసుకుంటుంది. ఆ కాలర్ లోపల ఒక ఓ-రింగు ఉంటుంది. ఓ-రింగు పోతే నూనె సీలు కింద నుంచి కాక కాలర్ లోపలి నుంచి వస్తుంది. సీలు ఎన్నిసార్లు మార్చినా ఆగదు.

చివరిగా రెండు ఉచిత పరీక్షలు. ఒకటి, బండిని నిటారుగా నిలిపి నూనె మట్టం చూడండి. డిప్‌స్టిక్ బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది కనుక మాన్యువల్ చూడాలి. రెండు, బ్రీదర్ పైపు ఊడదీసి ఊది చూడండి. గాలి ధారాళంగా పోవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నడిచే బండ్లలో తేమ చేరి, పైపులో మీగడలాంటి తెల్లటి పదార్థం పేరుకుంటుంది. అది తీసేస్తేనే కారడం ఆగిన బండ్లు ఉన్నాయి.

సీలు మార్చే విధానం

స్ప్రాకెట్ వైపు సీలుని ఉదాహరణగా తీసుకుందాం. మొదట విడిభాగాల పటం చూడాలి. కొన్ని ఇంజన్లలో సీలు చుట్టూ ఉన్న గట్టు ఇంజను పెట్టె రెండు భాగాల మధ్య ఇరుక్కుని ఉంటుంది. అటువంటి దాన్ని బయటి నుంచి లాగకూడదు, ఇంజను విప్పాల్సిందే. బయటి నుంచి వచ్చే రకమైతే పని ఒక పూటది.

1. చాలా బండ్లలో స్ప్రాకెట్ ఎడమ వైపు ఉంటుంది. సైడ్ స్టాండ్ వేస్తే బండి అటే ఒరిగి నూనె సీలు దగ్గరికి చేరుతుంది. కనుక బండిని నిటారుగా నిలపాలి, లేదా నూనె తీసెయ్యాలి.

2. చైన్ వదులు చేయకముందే, వెనుక బ్రేకు తొక్కి పట్టి స్ప్రాకెట్ నట్టు వదులు చేయాలి. చైన్ తీసేశాక షాఫ్ట్ తిరిగిపోతుంది, నట్టు రాదు.

3. స్ప్రాకెట్ తీశాక షాఫ్టుని చేత్తో పైకీ కిందికీ కదిపి చూడాలి. ప్లే స్పష్టంగా తెలిస్తే అక్కడే ఆగాలి. సమస్య సీలుది కాదు, బేరింగుది.

4. సీలు లాగే కొక్కెంతో పాత సీలు తియ్యాలి. స్క్రూడ్రైవర్ వాడితే షాఫ్ట్ మీద గాని, సీలు కూర్చునే గూడు మీద గాని గీత పడకూడదు. ఆ గీతే రేపటి కారుదారి. పాత సీలు ఎంత లోతులో ఉందో తీసేముందే కొలిచి పెట్టుకోవాలి.

5. పెదవి ఒరుసుకున్న చోట గోరుతో అడ్డంగా గీకాలి. గోరు తట్టుకుంటే గాడి ఉన్నట్టే. కాలర్ ఉన్న బండి అయితే అదృష్టం, కొత్త కాలర్, కొత్త ఓ-రింగు వేస్తే కొత్త ఉపరితలం వచ్చినట్టే. కాలర్ లేకపోతే, చోటు ఉంటే సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి గాడి మీద పడకుండా కూర్చోబెట్టవచ్చు. లేదా షాఫ్ట్ మీద తొడిగే పలచని ఉక్కు స్లీవ్ వాడవచ్చు.

6. కొత్త సీలు కొలతలు దాని ముఖం మీదే ఉంటాయి. 30-45-8 అని ఉంటే లోపలి వ్యాసం 30, బయటి వ్యాసం 45, మందం 8 మిల్లీమీటర్లు అని అర్థం. పెదవికి గ్రీజు రాయాలి. షాఫ్ట్ పళ్ళ మీద పలచని టేపు చుట్టాలి, లేకపోతే తొడిగేటప్పుడే పెదవి కోసుకుపోతుంది. సీలు బయటి అంచుకి సరిపోయే సాకెట్ ఆనించి, నాలుగు వైపులా సమానంగా దిగేలా నెమ్మదిగా కొట్టాలి.

7. నట్టు దగ్గరి మడత వాషర్ కొత్తది వెయ్యాలి. నట్టుని టార్క్ పానాతో మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. చైన్‌కి కూడా మాన్యువల్ చెప్పిన వదులు ఉంచాలి. మూడవ కారణాన్ని మన చేత్తో మనమే పుట్టించకూడదు కదా.

పది నిమిషాలు నడిపి ఒకసారి, వంద కిలోమీటర్ల తరువాత మరొకసారి చూడాలి. రెండుసార్లూ పొడిగా ఉంటే పని ముగిసినట్టు.

"కారడం ఆపే మందు" అని సీసాల్లో అమ్మేవి చాలావరకు రబ్బరుని ఉబ్బించే రసాయనాలు. గట్టిపడిన పెదవికి కొన్నాళ్ళు పనిచేస్తాయేమో గాని, గాడికీ బేరింగుకీ చెయ్యగలిగింది ఏమీ లేదు. పైగా మోటారుసైకిళ్ళలో క్లచ్ కూడా ఇదే నూనెలో మునిగి ఉంటుంది. కార్ల కోసం చేసిన మందు క్లచ్‌ని జారేలా చేయవచ్చు.

రెండు స్ట్రోకుల బండి అయితే

భారతదేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైన యమహా ఆర్ఎక్స్100 ఇప్పటికీ ఎందరికో ప్రాణం. ఇటువంటి రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్ పెట్టెలోకే పెట్రోలు, గాలి వస్తాయి కనుక క్రాంక్ సీలు పోతే లక్షణాలు వేరు. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి దూరుతుంది. ఇంజను ఐడిల్‌లో తనంతట తనే వేగం పెంచుకుంటుంది, విపరీతంగా వేడెక్కుతుంది. పట్టించుకోకపోతే పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్‌బాక్స్ నూనె లోపలికి పీల్చుకుపోయి తెల్లటి పొగ వస్తుంది. నేల మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడదు. గేర్‌బాక్స్ నూనె తగ్గుతూ, బయట మరక లేకుండా, పొగ పెరిగితే అనుమానించాల్సింది ఈ సీలునే.

ఎంతవరకు ఖర్చు పెట్టాలి?

పార్కింగు స్థలం ఇంజన్లు విప్పే చోటు కాదు కనుక ఇక్కడ మనలో చాలామంది బండిని ఏఎంకే ఆటోపాయింట్‌కో, సిన్ మింగ్‌కో తీసుకువెళతాం. అయినా రోగ నిర్ధారణ మన చేతిలోనే ఉంది. సీలు వెల కొద్ది డాలర్లే, ఖరీదైనది మెకానిక్ సమయం. "నూనె కారుతోంది, చూడండి" అనడానికీ, "వాల్వ్ కవర్ పొడిగా ఉంది, బ్రీదర్ శుభ్రంగా ఉంది, స్ప్రాకెట్ షాఫ్ట్ దగ్గర మాత్రమే తడి ఉంది, కాలర్, ఓ-రింగు కూడా మార్చండి" అనడానికీ బిల్లులో ఎంతో తేడా ఉంటుంది. తీసిన పాత సీలు, కాలర్ అడిగి తీసుకుని గోరుతో గీకి చూడండి. తీసిన నూనె అక్కడే అప్పగించండి.

ఇంకొక తేదీ కూడా గుర్తుంచుకోవాలి. 2003 జూలై 1కి ముందు నమోదైన మోటారుసైకిళ్ళను, క్లాసిక్, వింటేజ్ పథకాల్లో ఉన్నవి మినహా, 2028 జూన్ 30 తరువాత రోడ్ల మీద అనుమతించబోమని సింగపూర్ జాతీయ పర్యావరణ సంస్థ 2018లో ప్రకటించింది. మీ బండి ఆ జాబితాలో ఉంటే బయటి నుంచి మారే సీళ్ళకు, ఓ-రింగులకు ఖర్చు పెట్టడంలో సందేహించనక్కర లేదు. మిగిలిన రోజులైనా వెనుక టైరు పొడిగా ఉండాలి. కాని బేరింగు కోసం ఇంజను మొత్తం విప్పాలని మెకానిక్ చెబితే, మిగిలిన నెలలు లెక్కపెట్టుకుని నిర్ణయించండి. ఆ తేదీ తరువాత నమోదైన బండికి, ముఖ్యంగా సిఓఈ గడువు ఇంకా చాలా ఉన్నప్పుడు, బేరింగుతో సహా బాగుచేయించడమే చవక.

ఏ నిర్ణయమైనా ఒక ప్రశ్న తరువాతే తీసుకోండి. సీలు పోయిందని మెకానిక్ చెప్పగానే "ఎంతవుతుంది?" అని కాక, "ఎందుకు పోయింది?" అని ముందు అడగండి. రబ్బరు ముసలిదైందా, షాఫ్ట్ అరిగిందా, బేరింగు వదులైందా, లోపల ఒత్తిడి పెరిగిందా అన్న నాలుగింటిలో ఒకటి జవాబుగా రావాలి. ఆ జవాబు రాకుండా మార్చిన సీలు, తప్పు ఎక్కడుందో చూడకుండా సర్వర్‌ని రీస్టార్ట్ చెయ్యడం లాంటిది.